ఇందుమూలముగా ఈమె ఆకు కాదు

సర్వసౌభాగ్య బ్యాంకు నడిమిలంక శాఖలో నేను అసిస్టెంటు మేనేజరుని. మా బ్యాంకంటే నాకు గౌరవం. అందుకే ఆ మార్చి నెలలో జరిగింది జరిగినట్టు చెబుతున్నాను. ఎవరినీ తప్పు పట్టడం నా ఉద్దేశం కాదు.

నెల మధ్యలో ప్రధాన కార్యాలయం నుంచి పదకొండు పేజీల సర్క్యులరు వచ్చింది. గంజాయి మొక్కతోను, దాని ఆకు, పువ్వు, గింజ, నీడలతోను సంబంధమున్న సమస్త వ్యాపారుల ఖాతాలను, సదరు వ్యాపారం చట్టబద్ధమైనదైనప్పటికీ, తక్షణమే మూసివేయవలెనని అందులోని సారాంశం. మా మేనేజరు పేరిచర్ల పాండురంగరాజుగారు దాన్ని రెండుసార్లు చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"నీడ కూడానా అమ్మా?" అని అడిగారు నన్ను.

"ఆయ్, నీడ కూడానండి. నాలుగో పేజీలో ఉంది."

మా ఊళ్ళో అలాంటి వ్యాపారం ఒక్కటే ఉంది. కాలవ అవతల, డాక్టర్ వేమవరపు అనసూయగారి ఆయుర్వేద ఔషధశాల. గంజాయి ఆకుని ఆయుర్వేదంలో 'విజయ' అంటారు. దాన్ని పాలల్లో శుద్ధి చేసి, మరో తొమ్మిది మూలికలు కలిపి, అనసూయగారు ఒక లేహ్యం చేస్తారు. క్యాన్సరు నొప్పికి, నిద్ర పట్టనివాళ్ళకి చీటీ రాసి ఇస్తారు. ఆకు కొనడానికి ఒక లైసెన్సు, నిలవ ఉంచడానికి ఒకటి, మందు చెయ్యడానికి ఒకటి, అమ్మడానికి ఒకటి. నాలుగింటినీ అద్దాలు కట్టించి గోడకి తగిలించారు. ఆ గోడ మీద దేవుడి పటానికి చోటు లేక, ఆయన్ని బీరువా మీద కూర్చోబెట్టారు.

మర్నాడు ఖాతా మూసేశాం. మధ్యాహ్నానికి ఆవిడ వచ్చారు. పటాలు నాలుగూ సంచిలో పెట్టుకుని మరీ వచ్చారు.

"రాజుగారూ, నా దగ్గర నాలుగు లైసెన్సులున్నాయండి. ఇరవై రెండేళ్ళలో ఒక్క రిమార్కు లేదు. నా ఖాతా ఎందుకు మూశారండి?"

రాజుగారు లేచి నిలబడి కుర్చీ చూపించారు. ఆయన మర్యాదకి ఎప్పుడూ లోటు ఉండదు. "లైసెన్సులున్నాయి కాబట్టేనండి డాక్టరుగారూ. అవి లేకపోతే మీ దగ్గర ఆ ఆకు ఉందని మాకు తెలిసేదే కాదు కదండి?"

"అంటే దొంగతనంగా అమ్మితే బాగుండేదా?"

"అలా అనకండి. దొంగతనంగా అమ్మేవాళ్ళు ఫారంలో 'స్థలాల వ్యాపారం' అని రాస్తారండి. సర్క్యులరులో స్థలాల ప్రస్తావన లేదు. మీరేమో 'విజయ లేహ్యం' అని తెలుగులో, ఇంగ్లీషులో, పెద్ద అక్షరాలతో రాశారు."

"నిజం రాశానండి."

"అదేనండి ఇబ్బంది," అన్నారు రాజుగారు ఎంతో బాధగా.

ఇబ్బంది అక్కడితో ఆగలేదు. ఆవిడ నాలుగు లైసెన్సులూ మార్చి నెలాఖరుకి రెన్యువలు చేయించుకోవాలి. ఆ రుసుము లైసెన్సుదారు సొంత బ్యాంకు ఖాతా నుంచే కట్టాలని నిబంధన. ఖాతా లేకపోతే రుసుము లేదు, రుసుము లేకపోతే లైసెన్సు లేదు, లైసెన్సు లేకపోతే ఏప్రిల్ ఒకటో తేదీ ఉదయం ఔషధశాలకి సీలు వేస్తారు. వేరే బ్యాంకుకి వెళితే, పాత బ్యాంకు నుంచి అభ్యంతరం లేదని లేఖ తెమ్మన్నారు. రాజుగారు ఆలోచించి, అభ్యంతరం ఉండబట్టే కదా మూశాం, లేదని ఎలా రాస్తామన్నారు. ఖాతాలో మిగిలిన సొమ్ముకి మాత్రం ఆవిడ పేర డ్రాఫ్టు రాసిచ్చాం. దాన్ని ఆవిడ తన ఖాతాలో వేసుకుని నిరభ్యంతరంగా వాడుకోవచ్చు.

అనసూయగారు ఆ డ్రాఫ్టుని అటూ ఇటూ తిప్పి చూసి, లైసెన్సుల సంచిలోనే పెట్టుకుని వెళ్ళిపోయారు. ఆవిడ తిట్టి ఉంటే బాగుండేది. ఆ సాయంత్రం రాజుగారు టీ తాగలేదు.

రెండు రోజులకి బొమ్మిడి పోలమ్మ వచ్చింది. చేపలమ్మే మనిషి. ఆమె భర్త ధనరాజుకి గొంతులో పుండు. పెద్దాసుపత్రి వాళ్ళు ఇంటికి పంపేశాక, అనసూయగారి లేహ్యంతోనే నాలుగు గంటలు కన్నంటుకుంటోంది.

"ఏటండీ మేనేజరుగారూ, డాక్టరమ్మ కొట్టు కట్టేత్తారంటగా?" అంది కౌంటరు ముందు నిలబడి. "మా ఆయనకి సీసాలో అడుగునుందండి మందు. రేత్రి నొప్పొత్తే గోడకేసి గుద్దుకుంటాడు. అప్పుడు మీ కాగితం తీసుకెళ్ళి సూపించమంటారా ఆయనకి?"

రాజుగారు ఆ పూట జోనలు ఆఫీసుకి అప్పీలు రాశారు. నాచేతే టైపు చేయించారు. సదరు ఖాతాదారుకు సంబంధించిన వస్తువు గంజాయి అను పేరున గాక 'విజయ' అను పేరున లైసెన్సులలో నమోదై ఉన్నందున, నిషేధము వర్తించునో లేదో పునఃపరిశీలించ ప్రార్థన, అని. ఆయన తెలివికి నేను ముచ్చటపడ్డాను. ఆ తెలివే మా కొంప ముంచుతుందని అప్పుడు తెలియదు.

జోనలు మేనేజరుగారు ఆ అప్పీలు చదివి, గంజాయికి మారుపేరు కూడా ఉందా అని ఉలిక్కిపడ్డారట. ఇంత కీలక సమాచారం ఇన్నాళ్ళూ బ్యాంకు దృష్టికి రాకపోవడం శోచనీయమని ప్రధాన కార్యాలయానికి రాశారు. వాళ్ళు శోచించి, ఆదివారం నాడు కంప్యూటరుకి ఆ పేరు నేర్పారు. సోమవారం ఉదయం మేము షట్టరు ఎత్తేసరికి, బ్యాంకులో 'విజయ' అన్న మూడక్షరాలు ఎక్కడున్నా ఆ ఖాతా స్తంభించిపోయింది.

మొదట వచ్చినావిడ హైస్కూలు లెక్కల టీచరు విజయదుర్గగారు. తర్వాత విజయ టైలర్సు, విజయసారథి ఎరువుల కొట్టు, విజయశ్రీ మహిళా పొదుపు సంఘం. పాల కేంద్రం యజమాని పేరు అప్పలస్వామే గాని, వాళ్ళావిడ నామినీగా ఉంది, ఆమె విజయ. భార్య పేరు మార్చుకోవాలా, భార్యనే మార్చుకోవాలా అని ఆయన నన్ను చాలా మర్యాదగా అడిగాడు. విజయవాడ చిరునామా ఉన్న నలభై మంది గుమ్మంలో నిలబడ్డారు. గ్రామదేవత ఆలయ కమిటీ వాళ్ళు మేళంతో సహా వచ్చారు. అమ్మవారి పేరు విజయేశ్వరి.

"అమ్మవారు మత్తు పదార్థమాండీ?" అని కమిటీ ప్రెసిడెంటు బల్ల గుద్దాడు.

"బ్యాంకు అలా అనడం లేదండి," అన్నారు రాజుగారు. "కాదని నిరూపణ కాలేదని మాత్రమే అంటోంది."

మెడలో డోలు ఉన్నాయన ఆ మాటకి ఎందుకో ఒక దెబ్బ కొట్టాడు. దాంతో మిగిలిన వాయిద్యాలు కూడా అందుకున్నాయి.

ఇక్కడ నా పేరు చెప్పక తప్పదు. నల్లమిల్లి విజయకుమారి. ఆ సోమవారం నా కంప్యూటరు నన్ను లోపలికి రానివ్వలేదు. 'నిషిద్ధ పదార్థము గుర్తించబడినది, శాఖాధికారికి తెలియజేయుము' అని ఎర్ర అక్షరాలు వచ్చాయి. నేను లేచి వెళ్ళి రాజుగారికి తెలియజేశాను.

"ఏం పదార్థం అమ్మా?" అన్నారాయన కంగారుగా.

"నేనేనండి."

ఆయన నన్ను కింద నుంచి పైదాకా ఒకసారి చూసి, సర్క్యులరు తిరగేసి, నిషిద్ధ పదార్థాన్ని గుర్తించిన పక్షంలో తాళం వేసిన గదిలో భద్రపరచాలని ఉందని నెమ్మదిగా చెప్పారు. ఇంటి దగ్గర పొయ్యి మీద పప్పు ఉందని చెప్పి నేను తప్పించుకున్నాను. పప్పు ఏమీ లేదు.

గొడవ ఊరు దాటి, జిల్లా దాటి పత్రికలకెక్కాక, ప్రధాన కార్యాలయం కరుణించింది. మూడు పేజీల సవరణ వచ్చింది. తాము సదరు ఆకు కామని సమర్థాధికారి నుండి ధ్రువపత్రము సమర్పించిన ఖాతాదారుల విషయమున ఉదారముగా ఆలోచింపబడును. సమర్థాధికారి ఎవరని నేను ఫోను చేశాను. అవతల ఒక గొంతు ఏదో చదివింది. "విజయను చూచి, వాసన పట్టి, నిర్ధారించుటకు ప్రభుత్వముచే అనుమతి పొందినవారు మేడం."

"అలాంటివాళ్ళు మా జిల్లాలో ఒక్కరే ఉన్నారండి. డాక్టర్ అనసూయగారని. ఆవిడ ఖాతా మనమే..."

"మేడం, ఆ విషయం ఈ డెస్కు పరిధిలోకి రాదు," అని పెట్టేసింది గొంతు.

మర్నాడు పొద్దున్న ఎనిమిదికే ఔషధశాల ముందు నుంచి కాలవ వంతెన దాకా వరుస కట్టారు. మూడు వందల పైచిలుకు విజయలు. ఎండకి గొడుగులు, మజ్జిగ క్యాన్లు, పిల్లలు. అనసూయగారి దగ్గర పనిచేసే పదకొండు మంది ఆడవాళ్ళు అందరికీ నంబర్లు రాసిచ్చారు. పొమ్మంటారేమో అనుకున్నాను. ఆవిడ బల్ల లాక్కుని కూర్చుని, కళ్ళజోడు పెట్టుకుని, మొదటి నంబరు రమ్మన్నారు. ఒక్కరినీ చూడకుండా సంతకం పెట్టలేదు. విజయదుర్గ టీచరుగారి అరచెయ్యి తిప్పి చూసి, చెవి దగ్గర వాసన చూసి, భూతద్దం పెట్టారు.

"అంచులు రంపప్పళ్ళలా లేవు. ఈనెలు లేవు. పొద్దున్నేం తిన్నారండి?"

"పెసరట్టు."

"ఆకు తినదు," అని రాసుకున్నారు. "పాలల్లో మరిగిస్తే ఇంకా బాగా తెలుస్తుంది గాని, అది అవసరం లేదనుకుంటాను."

"వద్దండి!" అన్నారు టీచరుగారు.

నా నంబరు నూట పన్నెండు. నా ధ్రువపత్రం ఇప్పటికీ నా దగ్గరుంది. ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, నల్లమిల్లి విజయకుమారి అను ఈమెను నేను స్వయముగా పరీక్షించితిని. ఈమె ఆకు కాదు. పువ్వు, గింజ కూడా కాదు. నీడ కలదు, అది ఈమెదే. నేను చదువుకుని నవ్వాను. ఆవిడ నవ్వలేదు. అలసిపోయి ఉన్నారు. ఫీజు ఎంతని అడిగితే చెయ్యి అడ్డంగా ఊపారు.

"తీసుకుని ఎక్కడ వేసుకోనమ్మా? ఇంకా నాలుగు రోజులుంది. ఈ పదకొండు మందికీ వేరే పని చూసుకోమని చెప్పాలి. పోలమ్మకేం చెప్పాలో నాకు తెలియడం లేదు."

నాకు తలెత్తి ఆవిడ వంక చూడబుద్ధి కాలేదు.

విజయేశ్వరి అమ్మవారిని పరీక్షించడానికి ఆవిడ స్వయంగా గుడికి వెళ్ళారు. రాయి అని తేలింది.

ధ్రువపత్రాలన్నీ ఎక్కించాం. నా కంప్యూటరు ఇంకా తెరుచుకోలేదు కాబట్టి నేను చెబుతుంటే రాజుగారే ఒక వేలితో కొట్టారు. మూడు వందలూ ఎక్కించాక, అన్నిటికీ కలిపి ఒకటే జవాబు వచ్చింది. ధ్రువీకరించిన వ్యక్తికి సజీవమైన బ్యాంకు ఖాతా లేనందున సదరు సంతకము చెల్లదు.

రాజుగారు కుర్చీలో వెనక్కి వాలి, ముప్ఫై ఏళ్ళ సర్వీసులో మొదటిసారి పెద్దగా నవ్వారు. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నారు. నాకు భయం వేసింది.

ముప్ఫై ఒకటో తేదీ మధ్యాహ్నం రెండున్నరకి తెల్ల కారు ఒకటి బ్యాంకు ముందు ఆగింది. అందులోంచి జోనలు మేనేజరుగారు దిగారు. ఆయన్ని నేను ఫోటోలోనే చూశాను. ఫోటోలో బొద్దుగా ఉంటారు. దిగినాయన కళ్ళు గుంటలు పడి, గడ్డం మాసి, చొక్కా గుండీ ఒకటి తప్పు పెట్టుకుని ఉన్నారు. లోపలికి రాగానే గది తలుపు వేయమన్నారు.

"రాజుగారూ, ఈ విషయం గోప్యంగా ఉండాలి. నా జీతం పడలేదు. మా అమ్మాయి కాలేజీ ఫీజు వెనక్కొచ్చింది. నిన్న పెట్రోలు బంకులో మా డ్రైవరు చెల్లించాడు. నాకూ ఆ ధ్రువపత్రం కావాలి."

"తమరికెందుకండి?" అన్నారు రాజుగారు.

ఆయన కిటికీ వైపు చూస్తూ చెప్పారు. "నా పూర్తి పేరు విజయగోపాలం."

రాజుగారు నా వైపు చూడలేదు, నేను ఆయన వైపు చూడలేదు. చూసి ఉంటే ఇద్దరి ఉద్యోగాలూ పోయేవి.

ముగ్గురం కాలవ దాటి వెళ్ళాం. అనసూయగారు లేహ్యం బాణళ్ళు కడిగించి బోర్లిస్తున్నారు. పోలమ్మ గుమ్మం మెట్టు మీద ఖాళీ సీసా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. గోపాలంగారు వచ్చిన పని చెప్పారు. అనసూయగారు చెయ్యి తుడుచుకుని, ఆయన అరచెయ్యి చూసి, భూతద్దం పెట్టి, వాసన చూశారు.

"మీరు ఆకు కాదండి," అన్నారు. "సంతకం ఇప్పుడే పెడతాను. అది చెల్లాలంటే నాకు ఖాతా ఉండాలట కదా. అది నా చేతుల్లో లేదు."

"మీరు మమ్మల్ని బెదిరిస్తున్నారా?"

"నేనెందుకు బెదిరిస్తానండి? ఆ కాగితం మీరే రాశారు."

గోపాలంగారు స్టూలు మీద కూలబడ్డారు. "చూడండి మేడం, బ్యాంకు దృక్కోణంలో మీ సంస్థ ఒక... ఒక అధిక ప్రమాద..." ఆయనకి ఆ వాక్యం పూర్తి చేసే ఓపిక లేకపోయింది.

మెట్టు మీంచి పోలమ్మ అందుకుంది. "పెమాదం ఎవరికండీ బాబూ? మందుంటే మా ఆయనకి పెమాదమా, లేకపోతేనా? పెద్ద సదువు సదివినోరు, మీరే సెప్పండి."

ఆయన స్టూలు మీంచి లేచి, తప్పు పెట్టుకున్న గుండీ సరిచేసుకున్నారు. తర్వాత "టైమెంతయింది?" అన్నారు.

మూడూ పది. రుసుము కట్టడానికి గడువు నాలుగు గంటలు.

మళ్ళీ నలుగురం బ్యాంకుకి పరుగెత్తాం. పోలమ్మ కూడా వచ్చింది, ఎవరూ రావద్దనలేదు. నేను ముట్టుకుంటే కంప్యూటరు పనిచెయ్యదు. గోపాలంగారు ముట్టుకున్నా అంతే. రాజుగారు కుర్చీ ముందుకి లాక్కుని, చూపుడువేలు చాపి, ఖాతా తెరిచే ఫారం మొదలుపెట్టారు. ఇంటిపేరు దగ్గర మూడు నిమిషాలు పట్టింది. 'వ్యాపార స్వభావము' అన్న గడి దగ్గర ఆయన వేలు గాలిలో ఆగిపోయింది.

"ఔషధాలు అని కొడితే పదార్థం పేరు అడుగుతుందండి. పేరు కొడితే మూసేస్తుంది."

"మూలికలు?" అన్నాను.

"అదీ అడుగుతుంది."

గోడ గడియారం మూడూ ముప్ఫై ఐదు చూపిస్తోంది. గోపాలంగారు గోళ్ళు కొరుకుతున్నారు. అప్పుడు రాజుగారి ముఖం విచ్చుకుంది.

"డాక్టరుగారూ, ఈ నాలుగు రోజుల్లో మీరు మూడు వందల ధ్రువపత్రాలిచ్చారు కదండి. అది కూడా మీ వృత్తే కదా?"

"అవుననుకోండి."

"అయితే 'పత్రముల వ్యాపారము' అని కొడతానండి. అబద్ధం లేదు."

గోపాలంగారు తలెత్తారు. "ఆకుని కూడా పత్రమే అంటారు కదయ్యా!"

"అంటారండి. నేను అబద్ధం లేదన్నది అందుకే. కంప్యూటరుకి సంస్కృతం రాదు. దానికి వచ్చిన మాట ఒక్కటే, అదీ మనం నేర్పిందే."

గోపాలంగారు కళ్ళు మూసుకుని తలూపారు. మూడూ నలభై ఏడుకి ఖాతా తెరుచుకుంది. పాత డ్రాఫ్టు అందులో పడింది. నాలుగు రుసుములూ ఒకదాని వెనక ఒకటి వెళ్ళాయి. నాలుగోది వెళ్ళేసరికి గడియారంలో ఇంకా రెండు నిమిషాలుంది. రాజుగారు వేలు విదిలించి, నోటి దగ్గర పెట్టుకుని ఊదుకున్నారు. పోలమ్మ ఏం జరిగిందో సరిగ్గా తెలియకుండానే, "అయిపోయిందాండీ? అయిపోయిందా?" అంటూ అనసూయగారి భుజం పట్టుకుని ఊపేసింది. నిమిషం తర్వాత, ఆవిడ సంతకాలన్నీ చెల్లినట్టున్నాయి, నా కంప్యూటరు 'స్వాగతము' అంది.

అనసూయగారు రసీదులు ప్రింటు చేయించుకుని, మా అందరితో ఔషధశాలకి తిరిగి వెళ్ళి, పదకొండు మందినీ రేపు మామూలు టైముకి రమ్మన్నారు. బోర్లించిన బాణలిని మళ్ళీ నిటారుగా పెట్టించారు. పోలమ్మ సీసా నింపి, మూత గట్టిగా బిగించి ఇచ్చారు. ఆమె దాన్ని కొంగులో దోపుకుని దాదాపు పరుగున వెళ్ళిపోయింది.

గోపాలంగారు ధ్రువపత్రం జేబులో పెట్టుకుని కూడా కదలలేదు. రాజుగారు, నేను గుమ్మం దగ్గరికి వెళ్ళేదాకా ఆగి, గొంతు తగ్గించి అడిగారు. నాకు వినిపించింది.

"డాక్టరుగారూ, ఆ లేహ్యం... నిద్ర పట్టనివాళ్ళకి కూడా ఇస్తారట కదండి?"

"ఎన్నాళ్ళయింది నిద్రపోయి?"

"ఆ మారుపేరు సంగతి పైకి రాసినప్పట్నుంచీ."

ఆవిడ నాడి చూశారు. నాలుక చూపించమన్నారు. వాడుతున్న మందులేమిటో అడిగి చీటీ రాసుకుని, ఉసిరికాయంత లేహ్యం ఆకులో పెట్టి ఇచ్చారు. ఆయన దాన్ని కళ్ళకద్దుకోవడం ఒక్కటే తక్కువ. వరండాలో మడతమంచం మీద కాసేపు నడుం వాల్చమన్నారు ఆవిడ. గంటయ్యాక నేను వెళ్ళి చూసేసరికి బూట్లతోనే పడుకుని గురక పెడుతున్నారు. డ్రైవరు అటూ ఇటూ తిరుగుతున్నాడు.

"లేపమంటారా అండి? జోనలు ఆఫీసు నుంచి ఫోన్లొత్తున్నాయి, కొత్త సర్క్యులరు మీద సంతకం పెట్టాలంట."

అనసూయగారు బూట్లు విప్పి మంచం కింద పెట్టి, దుప్పటి కప్పారు.

"వద్దు నాయనా," అన్నారు. "లేపకు."